నిత్యజీవితమున వీరుడెవడు? - తెలుగు కావ్యకథలలో త్యాగము, దాని వెల

నాయకుడు, వీరుడు అను రెండు మాటలను మనవారు తరచుగ పర్యాయపదములుగ వాడుదురు. ‘కథానాయకుడు’ అనునపుడు కథలో ప్రధానుడైనవానిని, మెచ్చదగినవానిని ఒక్క మాటతోనే ఉద్దేశించుట వాడుకయైనది. కాని అలంకారశాస్త్రమున ఈ రెండును వేర్వేరు ప్రకరణములకు చెందిన విషయములు. నాయకుని గూర్చిన చర్చ నాయకప్రకరణమునను, వీరుని గూర్చిన చర్చ రసప్రకరణమునను నడచినవి. ఈ భేదమును మరచుటచే సాంఘిక నవలలను, కథలను విమర్శించునపుడు ఒక చిక్కు కలుగుచున్నది. ఇందలి ప్రధానపాత్ర రాజు కాడు, యుద్ధము చేసినవాడు కాడు, తుదకు గెలిచినవాడును కాడు, కావున ఈ కథలో నాయకుడే లేడని కొందరందురు. ఈ కాలమున సామాన్యుడే నాయకుడని మరికొందరు తేల్చివేయుదురు. మొదటివారు పాతకొలతతో క్రొత్తవస్తువును కొలిచినారు. రెండవవారు కొలతనే పారవేసినారు. సామాన్యుని యందలి ఏ గుణము వానిని వీరుని చేయుచున్నదను ప్రశ్నకు ఇరువురివద్దను సమాధానము లేదు. ఆ ప్రశ్నను కొన్ని తెలుగు కావ్యకథల ఆధారముతో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

కాకతీయ ప్రతాపరుద్రుని ఆశ్రయమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయము తెలుగుదేశమున అలంకారశాస్త్రమునకు చిరకాలము పాఠ్యగ్రంథముగ నిలిచినది. అందు నాయకగుణముల పట్టిక మహాకులీనతతో మొదలగును. తరువాత ఔజ్జ్వల్యము, మహాభాగ్యము, ఔదార్యము, తేజస్విత, వైదగ్ధ్యము, ధార్మికత్వము మొదలగునవి వచ్చును. లక్ష్యశ్లోకములు ప్రతాపరుద్రుని మీదనే సాగును. ఈ పట్టికలోని మొదటి మూడు గుణములును పుట్టుకతో, రూపముతో, సంపదతో ముడివడినవని గమనింపవలెను. మనుష్యుడు పూని సాధింపదగిన గుణములు వీని వెనుక నిలిచినవి. ఆస్థానవిద్వాంసుడు ప్రభువును నాయకునిగ నిలిపి వ్రాసిన గ్రంథమున ఇది వింత కాదు. అయితే ఆ గ్రంథమునే చదివి పెరిగిన మన విమర్శదృష్టికి ఈ క్రమమే స్వభావసిద్ధమైనట్లు తోచుట మాత్రము విచారింపదగిన విషయము.

శాస్త్రము సామాన్యునకు తలుపు పూర్తిగ మూసినదనుటయు సరికాదు. నాటకమునకు ప్రఖ్యాతవస్తువును, రాజును కోరిన లాక్షణికులే ప్రకరణమను రూపకభేదమునకు కల్పితకథను విధించి, అమాత్యుడో, విప్రుడో, వణిజుడో నాయకుడు కావచ్చునని ధీరశాంతుని అంగీకరించినారు. మృచ్ఛకటికమునందలి చారుదత్తుడు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ధనము పోయినను అతని దాతృత్వము పోలేదు. వసంతసేన దాచుకొన్న నగలు తన యింట దొంగిలింపబడినపుడు, ఆ నష్టమును తీర్చుటకు రత్నావళిని పంపి, నగలు జూదమున ఓడితినని చెప్పించును. ఈ ఘట్టమును మనము చారుదత్తుని ఔదార్యమునకు నిదర్శనముగ పాఠము చెప్పుచున్నాము. కాని ఆ రత్నావళి చారుదత్తునిది కాదు. అతని భార్య ధూతకు పుట్టినింటినుండి వచ్చిన సొమ్ము. భర్త తననుండి తీసికొనుటకు సిగ్గుపడునని యెరిగి, వ్రతదానమను నెపమున ఆమె దానిని విదూషకుని చేతిలో పెట్టినది. కీర్తి చారుదత్తునకు, వెల ధూతకు. శూద్రకుడు దీనిని చక్కగనే చూపినాడు. చూడవలసినంతగ చూడనిది మనమే. త్యాగమును మెచ్చుకొనునపుడు దాని వెలను ఎవరు చెల్లించినారని అడుగుట మన విమర్శకు అలవాటు కాలేదు.

ఇక రసప్రకరణమునకు వత్తము. వీరరసమునకు స్థాయి ఉత్సాహము. విజయము కాదు, బలము కాదు, కులము కాదు. భరతుడు దానవీర, ధర్మవీర, యుద్ధవీరులను మూడు భేదములను చెప్పెను. తరువాతివారు దయావీరమును చేర్చిరి. తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు 17వ శతాబ్దమున రసగంగాధరమునందు ఈ నాలుగింటిని వివరించి అక్కడ ఆగలేదు. శృంగారమునకువలె వీరమునకును భేదములు పెక్కు చెప్పవచ్చునని, సత్యవీరము, పాండిత్యవీరము, క్షమావీరము, బలవీరము అనువానిని సూచించెను. రసగంగాధరము మీద జరిగిన చర్చలలో ఈ చిన్న సూచనకు దక్కవలసినంత స్థానము దక్కలేదని నా అభిప్రాయము. ఏలన, ఇందు ఒక పెద్ద సిద్ధాంతము దాగియున్నది. ఉత్సాహమునకు ఆలంబనము ఏదైనను కావచ్చునన్నయెడల, వీరునకు ఖడ్గమును అక్కరలేదు, సింహాసనమును అక్కరలేదు. ఉతుకువానికిని, వండునామెకును, అప్పు తీర్చువానికిని వీరరసము చెల్లును. నాయకలక్షణము మూసిన తలుపును రసలక్షణము తెరచియే యుంచినది.

అయితే తలుపు తెరచియుండుట వేరు, దానిలోనుండి నడచుట వేరు. తెలుగున మొదట నడచినవాడు పాల్కురికి సోమనాథుడు. 13వ శతాబ్దపు బసవపురాణమున ద్విపదలో అతడు నిలిపిన భక్తులు వృత్తులు గలవారు. మడివాలు మాచయ్య బట్టలుతుకువాడు. మాదర చెన్నయ్య అంత్యకులజుడు, అతని అంబలి శివునకు ప్రీతిపాత్రము. బెజ్జమహాదేవి శివునకు తల్లి లేకపోయెనే యని వగచి తానే తల్లియైన స్త్రీ. వీరెవ్వరును తమ పనిని వదలి వీరులు కాలేదు. పనిలోనే ఉండి వీరులైరి. ఇది సామాన్యమైన సాహసము కాదు. మార్గకవిత రాజులను వెదకుచున్న కాలమున సోమనాథుడు వీథులను వెదకెను. కాని అతని కథలన్నిటను ఒక నియమము కలదు. భక్తుని దీక్ష పరాకాష్ఠ నందినపుడు శివుడు ప్రత్యక్షమగును, లేదా మహిమ జరుగును. మహిమ లేనియెడల ఆ చాకలి వీరుడని లోకము నమ్మునా? సోమనాథునకు ఈ సందేహము లేదు. అతనికి మహిమ సత్యము. సందేహము మనది. మతముతో నిమిత్తము లేక వ్రాసిన తరువాతి రచయితలు గూడ సామాన్యుని ఎత్తునపుడు ఏదో యొక అసామాన్యతను తెచ్చి తగిలించుట మానలేదు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి యందలి రామదాసు ఎంతటి గొప్ప పాత్రయైనను, అతడు మాలపల్లిలోని మనుష్యునికంటె ఋషికి దగ్గరివాడు. అతని వైరాగ్యము సోమనాథుని మహిమకు బదులుగ వచ్చిన దనుట తప్పు కాదేమో.

మహిమ చేయు పని మరియొకటి కలదు. అది త్యాగపు వెలను తిరిగి ఇచ్చివేయును. ఈ అంశమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను వర్తకునకు అంకితమిచ్చెను. అందు చిరుతొండనంబి కథ ముఖ్యమైనది. చిరుతొండడును కాంచీపురపు వర్తకుడు. కృతిపతి వర్తకుడు, కథానాయకుడు వర్తకుడు. రాజకృతులకు ప్రసిద్ధుడైన కవి ఇట్లు చేసెనన్న విషయము సామాన్యనాయకుని చరిత్రలో స్మరింపదగినది. కథ అందరెరిగినదే. జంగమవేషమున వచ్చిన శివుడు నరమాంసము కోరును. దంపతులు కొడుకు సిరియాలుని చంపి వండిపెట్టుదురు. భోజనమునకు కొడుకును పిలువుమనగా వారు పిలుతురు, చచ్చిన బాలుడు పరుగెత్తి వచ్చును. గౌరన 15వ శతాబ్దమున ద్విపదగ రచించిన హరిశ్చంద్రోపాఖ్యానమున సత్యవీరుడు ఆలిని, బిడ్డను అమ్మును. లోహితాస్యుడు పాముకాటున చచ్చును. తుదకు దేవతలు దిగివత్తురు, బిడ్డ బ్రతుకును, రాజ్యము వచ్చును. రెండు కథలందును వీరుని దీక్షకు వెల చెల్లించినది బిడ్డ. రెంటను ఆ వెల తిరిగి వచ్చినది. తిరిగి వచ్చుటచేతనే శ్రోతకు ఉత్సాహము ఉత్సాహముగ మిగిలినది. బాలుడు లేవని సిరియాల కథను ఒక్కమారు ఊహించి చూడుడు. దానికి ఏ రసమని పేరు పెట్టుదుము?

ఊహింప నక్కరలేదు. కాళీపట్నం రామారావుగారు 1960 దశకమున ఆ కథను వ్రాసినారు. నే చెప్పుచున్నది యజ్ఞము. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటమున మొదటి మాటయే ఆ కథ పేరు. సుందరపాలెమున గోపన్నకు అప్పల్రాముడు బాకీపడియున్నాడు. తగవు పంచాయతీకి వచ్చినది. ధర్మమెరిగినవాడని పేరుపొందిన శ్రీరాములునాయుడు పెద్ద. ఈ కథపై వచ్చిన చర్చ చాలవరకు ఆర్థికసంబంధములను, గ్రామమున మారిన ఉత్పత్తిరీతులను గూర్చి నడచినది. అది అవసరమే. కాని అప్పల్రాముని పాత్రను వీరరసదృష్టితో చూచినవారు అరుదు. అప్పు అప్పే, మాట మాటే, ఉన్న భూమిని వ్రాసియిచ్చెదనని ఆ వృద్ధుడు ఒప్పుకొనినపుడు అతనియందున్నది హరిశ్చంద్రుని గుణమే. జగన్నాథుడు సత్యవీరమన్నది దీనినే. సభ మెచ్చుకొనును. పెద్దమనుష్యుని పరువు నిలుచును. అపుడు కొడుకు సీతారాముడు, ఆ మాట నెగ్గినయెడల తన సంతతి కంబారితనమునకు పోవలసినదేయని యెరిగినవాడు, తన పసిబిడ్డను తానే నరికి, గోనెలో తెచ్చి సభ ముందు పడవేయును.

ఈ ముగింపు అసహజమని, నమ్మదగినది కాదని కొందరు ఆక్షేపించినారు. ఆక్షేపము అర్థము లేనిది కాదు. ఒక కూలివాడు అట్లు చేయునా యన్నచో, చేయడనియే చెప్పవలెను. కాని ఈ ముగింపును సుందరపాలెపు వార్తగ కాక, సిరియాల కథకును, హరిశ్చంద్ర కథకును ఎదురుగ నిలిపి చదివినపుడు దాని తర్కము తెలియును. పేరులోనే యజ్ఞమున్నది. యజ్ఞమునకు పశువు కావలెను. తండ్రి సత్యవ్రతమునకు మనుమడు పశువగుచున్నాడు. పూర్వకథలలో కానరాక జరిగిన చెల్లింపును సీతారాముడు అందరి కన్నులయెదుట జరిపినాడు. ఇక్కడ దేవతలు దిగిరారు, బాలుడు లేవడు. అంతవరకు వీరముగ తోచినది ఒక్క క్షణమున భయానకమగును. అప్పల్రాముడు అబద్ధమాడలేదు, మోసగింపలేదు. అతని ఉత్సాహము నిజమైనదే. అతడు చెల్లింప సిద్ధపడినది మాత్రము తనది కాదు. తన బ్రతుకు చాలవరకు గడచినది. వ్రాసియిచ్చినది కొడుకుల బ్రతుకు.

కనుక నిత్యజీవితమున వీరత్వమునకు ఉత్సాహమొక్కటి చాలదని, ఆ ఉత్సాహమునకగు వెలను వీరుడు తన భాగమునుండియే చెల్లింపవలెనని ఒక నియమము చేర్చవలసియున్నది. ప్రాచీనులు దీనిని చేర్చకపోవుటకు కారణము స్పష్టమే. వెల తిరిగి వచ్చు లోకమున ఆ ప్రశ్న పుట్టదు.

పుస్తకములలోనుండి ఒక్క క్షణము వెలుపలికి వచ్చి చూచినయెడల, ఈ నియమమునకు సరిపడు జీవితములు తెలుగుదేశమున లేకపోలేదు. జగన్నాథుని పూర్వుల ఊరైన కోనసీమ ముంగండకు లంకల గన్నవరము ఎంతో దూరము కాదు. అక్కడ డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి పాయలు దాటి వచ్చిపోవు బాటసారులకు వేళగాని వేళలందును అన్నము పెట్టుచు జీవితము గడపినది. శాస్త్రమున దానవీరుడనగా బలి, కర్ణుడు. వారి దానము ఒక్కమారు జరుగును, దానితో కథ ముగియును. సీతమ్మగారి దానము ముగియలేదు. నేటి యంట్లు తోమిన పిమ్మట రేపటి పొయ్యి కలదు. స్థాయిభావమనగా నిలుకడగ ఉండునదియే యైనయెడల, ఒకనాటి కవచదానముకంటె ఏండ్ల తరబడి సాగిన వడ్డనయందు ఉత్సాహము ఎక్కువ స్థాయి కాదా? ధాన్యము, భూమి భర్త జోగన్నగారివి, అతని సమ్మతి లేనిదే ఆ సత్రము సాగదు. కాని నిద్ర ఆమెది, రెక్కలు ఆమెవి. అంతర్వేదికి బయలుదేరి, దారిలో ఆకలిగొన్న యాత్రికులు గన్నవరము చేరినచో అన్నము దొరకునని అనుకొనుట విని, దైవదర్శనము మానుకొని మరలి వచ్చెనని చెప్పుకొందురు. ఈ కథలో మహిమ లేదు. ఉన్నదంతయు ఒక ప్రయాణము మానుకొనుట.

అయినను ఆమె జీవితమును వ్రాసినవారు, చెప్పినవారు ఎక్కువగ ఆగునది ఎక్కడ? ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆమె చిత్రపటమును తీయించుకొనిపోయిరను ఘట్టము వద్ద. వంటయింటి వీరురాలికి సైతము రాజముద్ర పడినగాని మనకు తృప్తి లేదు. ప్రతాపరుద్రీయము మన మనస్సులను వదలలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల! గన్నవరము జలవాహిని వంతెనకు ఆమె పేరుండుట, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టుట, వీనియందు చిత్రపటపు కథకంటె ఔచిత్యమెక్కువ. ఆమె పేరు మరల అన్నముతో కలిసినది.

సాహిత్యమునకు ఇచ్చట ఒక నిజమైన ఇబ్బంది కలదు. ప్రతిదినము జరుగునది కథ కాదు. కథకు ఒక దినము కావలెను. అందుచేతనే కవులు నిత్యవీరుని జీవితమున ఒక అద్భుతదినమును వెదకుదురు, దొరకనియెడల కల్పింతురు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి అల్పజీవి ఈ ఇబ్బందిని ఎదురుగ తీసికొన్నది. సుబ్బయ్యకు అద్భుతదినము రాదు. అతనికి బావ భయము, కంట్రాక్టరు భయము, ఆఫీసు భయము. ఆ నవల సుబ్బయ్యను వీరుని చేయదు, చేయునట్లు నటింపదు. కాని నిత్యజీవితమున భయము ఏ పరిమాణమున ఉండునో అది చూపినంతగ మరొక పుస్తకము చూపలేదు. భయపు కొలత తెలియనిదే ధైర్యపు కొలత తెలియదు. ఆఫీసు గుమాస్తా ఒక్కమారు ‘కాదు’ అనుట కురుక్షేత్రముకంటె చిన్నదని ఎవ్వరైన తలచినయెడల వారు సుబ్బయ్యను చదువలేదని గ్రహింపవలెను.

తన భాగమునుండియే వెల చెల్లించి, మహిమయు ఋషిత్వమును అక్కరలేక, చివరివరకు సామాన్యముగనే మిగిలిన పాత్ర తెలుగున ఏది యని అడిగినయెడల, నాకు తోచునది కన్యాశుల్కమునందలి మధురవాణి. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో దాదాపు క్రొత్తరచనగ వెలువడిన ఈ నాటకమును గూర్చి చెప్పవలసినది చాలవరకు చెప్పబడినది. మధురవాణి చమత్కారమును, ఆమె లోకజ్ఞతను విమర్శకులందరు మెచ్చినారు. ఆమె వీరత్వమును మాత్రము ఎక్కువమంది దయగనో, సంస్కారోదయముగనో వివరించినారు. నాకు అట్లు తోచదు. లుబ్ధావధానులు ఆమెకు ఏమియు కాడు. లోభి, వృద్ధుడు, పసిపిల్లను కొని పెండ్లాడబోయినవాడు. అట్టివాడు చేయని హత్యకు శిక్షపొందకూడదని ఆమె పూనుకొనుటలో ప్రేమ లేదు, భక్తి లేదు, పేరుప్రతిష్ఠల ఆశ అంతకంటె లేదు. వేశ్యల మొగము చూడనను వ్రతము పట్టిన సౌజన్యారావుపంతులు కడకు పురుషవేషమున పోవును. తన పేరుతో పోవుటకు వీలు లేనందుననే వేషము. అనగా ఆ పని నెరవేరుచున్నంతసేపు చేయుచున్నది ఎవరో చూచువానికి తెలియదు.

అంతకంటె ముఖ్యమైనది వెల సంగతి. చెప్పబోవు రహస్యమునకు ఆమె ముద్దు అడుగును. పంతులు చాల తర్కించి, ఒక ప్రాణమునకై తన వ్రతము చెడినను సరేయని సిద్ధపడును. ఇచ్చట వీరుడు పంతులే యని మొదట తోచును. ధర్మవీరుడు తన నియమమును త్యాగము చేయుచున్నాడు. సరిగ ఆ క్షణమున ఆమె వలదనును. చెడనివారిని చెడగొట్టవద్దన్న తల్లిమాటను కారణముగ చెప్పును. ఆమె కోరినది కపటము కాదని, ఆ మనుష్యునియందు ఆమెకు నిజముగ మనస్సు నిలిచినదని నాటకము చదివినవారికి తెలియును. గెలిచిన వస్తువును చేతికందిన తరువాత వదలినది. వెల అతనినుండి తీసికొనవచ్చును, తీసికొనలేదు, తన కోరికనుండి చెల్లించినది. హరిశ్చంద్రుడు చేయనిది, అప్పల్రామునకు తోచనిది ఇదియే.

గురజాడ ఆమెకు ప్రతిఫలము కల్పింపకపోవుట మరింత గమనార్హము. తరువాతికాలపు రచయితయైనచో ఆమెకు పెండ్లియో, సన్న్యాసమో, మరణమో ఏర్పరచియుండును. ఇక్కడ ఆమెకు దక్కినది ఒక భగవద్గీత పుస్తకము. ఆమె మారినదని గాని, మారవలసియున్నదని గాని నాటకము పలుకదు. పంతులు దృష్టి వెంటనే గిరీశము వైపు తిరుగును. బుచ్చమ్మ సంగతి, పూనా వితంతుశరణాలయపు సంగతి వచ్చును. రంగముపై తుదిమాట గిరీశమునకు దక్కినది.